చందాలతో నడిచే విదేశాంగ శాఖ

బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్ల నుంచి దుబాయి, మస్కట్, రియాద్‌లకు పోయినవారు పుట్టిన ఊరి రుణం తీర్చుకుంటున్నారని సభల్లో పెద్దలు శాలువాలు కప్పి ప్రశంసిస్తుంటారు. ఏజెంటుకు కట్టడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పును గల్ఫ్ కార్మికుడు, ఇంటి దగ్గర బీడీలు చుట్టే అతని భార్య ఏళ్ల తరబడి తీరుస్తుంటే, నిజాంసాగర్ ఆయకట్టును ఆనుకుని ఉన్న ఊళ్ల నుంచి ఎడారికి బాట ఎందుకు పడిందని అడిగే పెద్దమనిషి మాత్రం ఆ వేదిక మీద కనిపించడు.

ఈ ప్రశంసలన్నీ గల్ఫ్ సంఘాలకు, అంటే లేబర్ క్యాంపుల్లో ఒక్కో గదిలో పలువురుగా సర్దుకుని బతికే కార్మికులు చందాలు వేసుకుని నడుపుకునే సంఘాలకు దక్కుతాయి. గుడికో, బతుకమ్మకో అవి ఇచ్చే విరాళం ఫ్లెక్సీకెక్కుతుంది గానీ అసలు పని ఫ్లెక్సీకి పనికిరాదు. నిద్రలోనే గుండె ఆగిపోయినవాడి శవాన్ని శంషాబాద్‌కు చేర్చాలంటే మరణ ధ్రువపత్రం, కంపెనీ సంతకం, పోలీసుల అనుమతి, రాయబార కార్యాలయపు నిరభ్యంతర పత్రం, పెట్టె, విమానంలో చోటు ఇన్ని కుదరాలి. రెండు దేశాల మధ్య సాగే ఈ వ్యవహారాన్ని డ్యూటీ దిగిన మేస్త్రీ వాట్సాప్‌లో చక్కబెడతాడు. ఇంత చవకైన విదేశాంగ శాఖ మరే దేశానికి ఉందో చెప్పడం కష్టం.

ప్రభుత్వం ఊరికే కూర్చుందనడం కూడా అన్యాయమే. 2009లో ఏర్పడిన భారతీయ సముదాయ సంక్షేమ నిధి ఆపదలో ఉన్న ప్రవాసులను ఆదుకుంటుంది. రాయబార కార్యాలయాల సేవలకు ప్రవాసులే చెల్లించే రుసుముల నుంచి ఆ నిధి నిండుతుంది కనుక ఖజానాకు నొప్పి తెలియదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షల రూపాయలు ఇస్తుంది, అయితే చావు ప్రమాదవశాత్తు కలగాలి; మండే ఎండలో పనిచేసి వచ్చినవాడి గుండె ఆగడం సహజ మరణమైపోతుంది. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల పరిహారమిచ్చే ఉత్తర్వు 2024లో, తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన పదేళ్లకు వెలువడింది.

ఇక సంఘాల విరాళాల సంగతికొస్తే, మెక్సికోలో వలస సంఘం సొంత ఊరి పనికి ఒక పీసో ఇస్తే కేంద్ర, రాష్ట్ర, పురపాలక ప్రభుత్వాలు తలా ఒక పీసో కలిపే పథకం 2002లో దేశమంతటా అమలులోకి వచ్చి ఏళ్ల తరబడి నడిచింది. అక్కడి ప్రభుత్వాలకు శాలువాల సంగతి అప్పట్లో తెలియలేదు కాబోలు. తెలిసి ఉంటే ఆ మూడు పీసోలూ మిగిలేవి.