ఇచ్చట అనుమానం అమ్మబడును

వ్యాపారాల్లోకెల్లా సుఖమైనది అనుమానం అమ్ముకోవడం. సరుకు పురుగు పట్టదు, తూకాలవాళ్ళు తనిఖీకి రారు. భూమి వేడెక్కడానికి మనిషి కారణం కాదని నిరూపించాలంటే బోలెడు చదువు కావాలి, లెక్కలు కావాలి. "ఇంకా తేలలేదు కదండీ" అనడానికి నోరుంటే చాలు. కొన్నవాడికి నిశ్చింత, అమ్మినవాడికి లాభం. వచ్చిన చిక్కల్లా ఒక్కటే: ఈ సరుకు తయారుచేసినవాళ్ళు తమ ఇంట్లో దాన్ని వాడిన దాఖలా ఎక్కడా లేదు.

తయారీ కిటుకు సిగరెట్లవాళ్ళది. తాము అమ్మే అసలు సరుకు అనుమానమేనని 1969లో ఒక అమెరికన్ పొగాకు కంపెనీ తన లోపలి కాగితాల్లో దాపరికం లేకుండా రాసుకుంది. సిగరెట్టుకీ కేన్సరుకీ సంబంధం లేదని రుజువు చేయనక్కర్లేదు, తగువు నడుస్తూ ఉంటే చాలు. తగువు తేలేదాకా తాగేవాడు తాగుతూనే ఉంటాడు. ఫ్రెడరిక్ సైట్జ్ అనే పేరుమోసిన భౌతిక శాస్త్రవేత్త ఆర్.జె. రేనాల్డ్స్ పొగాకు కంపెనీకి సలహాదారుగా పనిచేసి, ఆనక భూతాపాన్ని శంకించేవాళ్ళకి పెద్దదిక్కయ్యారు. పొగ మారింది గానీ పని మారలేదు.

ఇక చమురు కంపెనీల సంగతి. 1977లో ఎక్సాన్ పెద్దలకి వాళ్ళ సొంత శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ విషయం విడమరిచి చెప్పాడు: బొగ్గూ చమురూ మండించడం వల్లే వాతావరణం మారబోతోందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారని. కంపెనీ ఆ మాట కొట్టిపారేయలేదు. ఏకంగా ఒక చమురు ఓడకి పరికరాలు బిగించి, నడిసముద్రంలో గాలినీ నీటినీ పరీక్షించింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎప్పటికి ఎంతవుతుందో, భూమి ఎంత వేడెక్కుతుందో 1982లో గ్రాఫు గీసి పెట్టుకుంది. నలభై ఏళ్ళు గడిచాక చూస్తే గీత ఇంచుమించు చెప్పినచోటే ఉంది. మన పంచాంగకర్తలు కుళ్ళుకునేంత గురి! అంత గురి ఉన్న కంపెనీయే 2000లో న్యూయార్క్ టైమ్స్‌లో డబ్బిచ్చి ప్రకటన వేయించుకుని, సైన్సు ఇంకా తేల్చలేదని జనానికి చెప్పింది.

1989లో షెల్ ఇంజనీర్లు ఉత్తర సముద్రంలో కట్టబోయే గ్యాస్ వేదికని ఒకటి రెండు మీటర్లు ఎత్తు పెంచి గీశారు. భూమి వేడెక్కి సముద్రం పెరుగుతుందని వాళ్ళ లెక్క. పారిశ్రామిక సంస్థలన్నీ చేరి గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్ అనే కూటమి పెట్టిందీ ఆ ఏడే. కర్బన ఉద్గారాలకి కళ్ళెం వేయకుండా అడ్డుపడటం దాని వృత్తి. షెల్ 1998 దాకా అందులో సభ్యురాలే. 1995లో ఈ కూటమికి దాని సొంత నిపుణులు ఒక చిత్తు నివేదిక రాసిచ్చారు: మనిషి వదిలే వాయువులు వాతావరణాన్ని మార్చగలవన్న శాస్త్రాన్ని కాదనలేమని, దాన్ని కాదనేవాళ్ళ సిద్ధాంతాల్లో పస లేదని. పస లేదన్న భాగాన్ని తుది ప్రతిలోంచి కత్తిరించారు. దుకాణంలో పెట్టాల్సిన సరుకుని పాడుచేసుకుంటారా మరి!

డొనాల్డ్ ట్రంప్ గారు 2012లో, భూతాపం అన్నది అమెరికా పరిశ్రమల్ని దెబ్బతీయడానికి చైనావాళ్ళు అల్లిన కథ అని ట్విట్టర్‌లో సెలవిచ్చారు. ఐర్లండ్‌లోని డూన్‌బెగ్‌లో ఆయనకో గోల్ఫ్ మైదానం ఉంది. సముద్రం దాని ఒడ్డుని కోసుకుపోతోంది. అడ్డుగోడకి అనుమతి కోరుతూ ఆయన కంపెనీ 2016లో పెట్టుకున్న దరఖాస్తులో చూపించిన కారణాల్లో భూతాపం కూడా ఉంది. చైనావాళ్ళు అల్లిన కథ అట్లాంటిక్ దాకా ఈదుకొచ్చి ఇసుక తవ్వుతోందన్నమాట. ఓట్లడిగేచోట అబద్ధమైనది అనుమతులడిగేచోట నిజమైపోయింది.

2015 ఫిబ్రవరి 26న ఓక్లహోమా సెనేటరు జేమ్స్ ఇన్‌హోఫ్ బయట చలి ఎలా ఉందో చూడండంటూ సెనేట్‌లోకి మంచుముద్ద పట్టుకొచ్చి విసిరారు. అప్పటికి ఆయన పర్యావరణ కమిటీ అధ్యక్షులు. ఆ మే నెలలోనే రెండు తెలుగు రాష్ట్రాల్లో పదిహేను వందల మందికి పైగా వడదెబ్బకి పోయారు. సెనేటరు గారి తర్కం ప్రకారమైతే మనం రామగుండం నుంచి మిట్టమధ్యాహ్నపు బండరాయి ఒకటి పార్సిలు చేయాలి. కానీ మంచుముద్ద దేన్నీ తేల్చనట్టే కాలిన బండా తేల్చదు. తేల్చేది దశాబ్దాల సగటు. పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంతో పోలిస్తే 2011-2020 దశాబ్దం 1.1 డిగ్రీలు ఎక్కువ వేడి.

అమెరికాలో టోకున తయారైన ఈ సరుకు చిల్లరగా మన పెళ్ళి పందిళ్ళలోనూ దొరుకుతుంది. భోజనాలయ్యాక తాంబూలం నములుతూ బాబాయి అంటాడు: "మా చిన్నప్పుడూ ఎండలుండేవిరా. ఇదంతా సూర్యుడి లీల." ఉండేవి బాబాయ్, కాదన్నదెవరు? కానీ సూర్యుడి శక్తిని 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తూనే ఉన్నాయి, అది పెరగలేదు. సూర్యుడే కారణమైతే పై వాతావరణం కూడా వేడెక్కాలి. కానీ నేల దగ్గర వేడెక్కుతుంటే పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. "అయితే అగ్నిపర్వతాలురా!" అవన్నీ కలిసి ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ మనం వదిలేదాంట్లో నూటికి ఒకవంతు కూడా ఉండదు. బాబాయి పాపం మోసగాడు కాదు, మోసపోయిన కొనుగోలుదారు. ఆయన దబాయింపుకి ఎవరూ పైసా ఇవ్వరు.

నిజంగా అనుమానం వచ్చినవాడు ఏం చేస్తాడో చూడాలంటే బర్క్‌లీ భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్‌ని చూడాలి. ఉష్ణోగ్రతల లెక్కలు ఆయనకి నచ్చలేదు. సొంతంగా బృందాన్ని పోగేసి మొదటినుంచీ లెక్కగట్టాడు. చమురు కుబేరుడు చార్లెస్ కోక్ ఫౌండేషన్ కూడా 1,50,000 డాలర్లిచ్చింది. 2012లో ముల్లర్ బహిరంగంగా ఒప్పుకున్నాడు: భూమి వేడెక్కింది, దాదాపు మొత్తం మనిషి వల్లే. అనుమానం తీరడం ఆయనకి గెలుపు. అమ్ముకునేవాళ్ళకైతే దివాలా.

అందుకే వాళ్ళు దివాలా తీయకుండా సరుకు మారుస్తుంటారు. వేడెక్కడమే లేదన్నారు. వేడెక్కుతోంది గానీ మనిషి వల్ల కాదన్నారు. మనిషి వల్లే కావచ్చు గానీ పంటలకి మంచిదేనన్నారు. తగ్గించుకున్న ప్రతి పదోవంతు డిగ్రీ వల్లా కొంత నష్టం తప్పుతుందని శాస్త్రవేత్తలు నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, ఇప్పుడు మెల్లగా "ఇక చేసేదేముందండీ, చేయి దాటిపోయింది" అంటున్నారు. 1977 నుంచీ విషయం తెలిసీ, ఇంతదాకా మనల్ని కబుర్లలో కూర్చోబెట్టింది వీళ్ళే. ఆలస్యమైపోయిందన్న ఆ ఒక్క ముక్క దగ్గర మాత్రం వీళ్ళకి ఇసుమంతైనా అనుమానం లేదు!