కంకరబాట పద్యానికి టీకా తాత్పర్యం

తే. రైలు పోయిన దారిలో రాళ్ళు పఱువ
నేటి వెంబడి నడవిలో నెండ లేక
గాలి తగ్గించి చక్రాల గడుసువాడు
పంపు సంచిలో మఱువక పయనమగును.

అవతారిక: అమెరికాలో పిట్స్‌బర్గ్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దాకా 150 మైళ్ళ కంకరబాట ఒకటుంది. పేరు గ్రేట్ ఆలిగెనీ పాసేజ్. తొక్కేవాళ్ళు పొట్టిగా గ్యాప్ అంటారు. పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్ళలో ఎక్కువమందికి పెన్‌హిల్స్ కొండమీది వేంకటేశ్వరుడు గుర్తొస్తాడు. సైకిలు పిచ్చి పట్టినవాళ్ళకు ఈ బాట గుర్తొస్తుంది. రెండు రకాల భక్తీ ఉన్నవాళ్ళ సంచిలో పులిహోర పొట్లం ఉంటుంది. అటువంటి రౌతును ఉద్దేశించి కవి ఈ పద్యం చెప్పాడు. కవి ఎవరని అడగవద్దు. ఆయనా వ్యాఖ్యాతా ఒకే ఇంట్లో ఉంటున్నారు, గొడవలొస్తాయి.

ప్రతిపదార్థం: రైలు పోయిన దారిలోన్ = రైలుబండి నడిచి నడిచి చివరికి మానేసిన కట్టమీద; రాళ్ళు = సున్నపురాతిని నలగగొట్టిన సన్నని పలుకులను; పఱువన్ = పరచగా; ఏటి వెంబడిన్ = యాకగేనీ, కాసెల్మన్ నదుల ఒడ్డునే; అడవిలోన్ = ఓక్, మేపుల్, హెమ్లాక్ చెట్ల నడుమ; ఎండ లేక = నెత్తి మాడకుండా; గడుసువాడు = ఒకసారి దెబ్బ తిని బుద్ధి తెచ్చుకున్నవాడు; చక్రాల గాలిన్ = టైర్లలోని గాలిని; తగ్గించి = కొంత వదిలేసి; పంపున్ = గాలి కొట్టే పంపును; సంచిలోన్ = జీనుకు వేలాడే సంచిలో; మఱువక = పెట్టుకొనుట మరిచిపోక; పయనమగును = బయలుదేరును.

ఇక్కడ ‘పెట్టుకొనుట’ అన్న మాట పద్యంలో లేదు. గణాలు సరిపోక కవి మింగేశాడు. కవులు మింగిన మాటను మనం పూరించుకుంటే అధ్యాహారం అంటారు, ఇంట్లోవాళ్ళు మింగితే మతిమరుపంటారు. రెండో పాదాన్ని కొందరు ‘నేటి వెంబడి’ అని విడదీసి, ‘ఈరోజే బయలుదేరాలి’ అని అర్థం చెప్పారు. వాళ్ళకు సెలవు దొరకడం సులువు కాబోలు.

తాత్పర్యం: పాత రైలుకట్టమీద వేసిన కంకరబాటలో, ఏటి పక్కన, చెట్ల నీడలో, టైర్ల గాలి కాస్త తీసి, పంపు దగ్గర పెట్టుకుని తెలివైనవాడు పోతాడు.

విశేషాలు: మొదట ‘పోయిన’ దగ్గరే పూర్వపక్షం లేస్తుంది. రైలు పోలేదు కదా, ఏటికి అవతలి గట్టున గూడ్సుబండి కూత వినబడుతూనే ఉంది, కంబర్లాండ్ దగ్గరైతే పర్యాటకుల రైలు బాట పక్కనే నడుస్తోంది, కవి అబద్ధమాడాడు అని. దీనికి సమాధానం చరిత్రలో ఉంది. ఒకే లోయలో రెండు కంపెనీలు చెరో గట్టునా పట్టాలు వేశాయి. బాల్టిమోర్ అండ్ ఓహాయో ముందు వచ్చింది. వెస్టర్న్ మేరీలాండ్ కంపెనీ కంబర్లాండ్ నుంచి కనెల్స్‌విల్ వరకు 1912 నాటికి రెండోది పూర్తి చేసింది. తర్వాత రెండూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. ఒక లోయకు రెండు దారులెందుకని 1975లో రెండోదాన్ని వదిలేశారు. కాబట్టి పోయినది ఈ గట్టు రైలు, కూసేది ఆ గట్టు రైలు. కవి నిర్దోషి. అయితే దారి ఊరికే బాట కాలేదు. ఓహాయోపైల్ అనే ఊరి దగ్గర మొదటి తునక 1986లో తెరిస్తే, పిట్స్‌బర్గ్‌లో నదులు కలిసే కొన దాకా పూర్తయ్యేసరికి 2013 వచ్చింది.

ఈ పాదంలో అసలు రహస్యం వేరే ఉంది. ఇనుపపట్టా మీద ఇనుపచక్రానికి పట్టు తక్కువ, ఆవిరి ఇంజను నిటారు ఎక్కలేదు. అందుకని ఇంజనీర్లు కొండ అడ్డొస్తే తొలిచారు, లోయ అడ్డొస్తే వంతెన కట్టారు. బిగ్ సావేజ్ సొరంగం దాదాపు 3,300 అడుగులు, కాసెల్మన్ లోయమీది సాలిస్‌బరీ వంతెన 1,908 అడుగులు. ఇంత ఖర్చూ బొగ్గు మోయడానికి పెట్టింది, అనుభవించేది సైకిలువాడు. నీళ్ళు ఇటు మెక్సికో అఖాతానికి, అటు అట్లాంటిక్‌కు చీలిపోయే గట్టు 2,392 అడుగుల ఎత్తున ఉంటుంది. పిట్స్‌బర్గ్ నుంచి వచ్చేవాడు 125 మైళ్ళకు పైగా తొక్కి, ఎక్కినట్టే తెలియకుండా అక్కడికి చేరతాడు. ఆ పైన 24 మైళ్ళలోపే 1,700 అడుగులకు పైగా దిగుతాడు. కంబర్లాండ్ నుంచి మొదలుపెట్టినవాడికి ఈ సుఖం తలకిందులవుతుంది. అయినా ఏటవాలు నూటికి రెండడుగులు మించదు, బతుకుతాడు.

‘రాళ్ళు’ అనగానే తెలుగు పాఠకుడి కళ్ళముందు రోడ్డు వేస్తామని పోసి కాంట్రాక్టరు మాయమైన కంకరకుప్ప నిలుస్తుంది. ఇది అది కాదు. సున్నపురాతి పలుకులూ పొడీ తడికి కలిసి, బరువుకు అణిగి, గట్టి నేలలా తయారవుతాయి. నిజం చెప్పాలంటే వంకర హ్యాండిలు, ఖరీదైన ఫ్రేము ఉన్న గ్రావెల్ బైకే కావాలని ఈ బాట అడగదు. కాస్త లావు టైరున్న ఏ సైకిలైనా చాలు. వాన పడితే మాత్రం పొడి పాలపిండిలా కరిగి గొలుసుకూ వీపుకూ పూసుకుంటుంది. మడ్‌గార్డు పీకేసి అందగాడిననుకున్నవాడి గర్వం అక్కడ అణుగుతుంది.

పద్యానికి ప్రాణం ‘తగ్గించి’. మన ఊళ్ళో సైకిలుషాపుకు వెళ్తే ‘గాలి టైటుగా కొట్టన్నా’ అనడమే అలవాటు. కంకరమీద ఆ విద్య చెల్లదు. రాయిలా బిగిసిన టైరు ప్రతి పలుకుమీదా ఎగురుతుంది. తొక్కిన బలంలో కొంత బండి ముందుకు పోవడానికి కాక, మనిషిని కుదిపేయడానికే పోతుంది. గాలి తీస్తే టైరు రాయిని తనలోకి అణచుకుని దొర్లుతుంది, నేలమీద పట్టూ పెరుగుతుంది. 40 మిల్లీమీటర్ల టైరుకు మధ్యరకం బరువున్న మనిషైతే 35, 40 పీఎస్ఐ చాలు. మరీ తీశారా, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. సైకిలువాళ్ళు దాన్ని పాముకాటంటారు. ట్యూబే లేకుండా లోపల జిగురు పోసి నడిపేవాళ్ళకు ఆ కాటు లేదు. చిన్న కన్నాలు పడినా జిగురే పూడ్చుకుంటుంది. కవి మరి ఎంత తగ్గించాలో ఎందుకు చెప్పలేదు? మనిషి బరువు పద్యంలో అడగడం మర్యాద కాదు గనుక.

ఏటి సంగతి క్లుప్తం. కన్‌ఫ్లుయెన్స్ అనే ఊళ్ళో మూడు ఏరులు కలుస్తాయి. 1754లో జార్జ్ వాషింగ్టన్ పడమటికి నీటిదారి వెతుకుతూ ఆ వైపు వచ్చి, ఓహాయోపైల్ జలపాతం చూసి ఆశ వదులుకున్నాడు. పడవకు కుదరని లోయ రైలుకు కుదిరింది, రైలుకు అక్కర తీరాక సైకిలుకు మిగిలింది.

‘ఎండ లేక’ అన్నచోట దోషం లేకపోలేదు. అక్టోబరు చివర ఆకులు రాలిపోతే నీడెక్కడిది? పైగా రాలిన తడి ఆకు కింద రాయి కనబడదు. కాబట్టి ఈ పద్యం మే నుంచి అక్టోబరు మధ్య దాకా మాత్రమే సత్యం.

అలంకారం: స్వభావోక్తి.

ఫలశ్రుతి: ఈ పద్యం నిత్యం పఠించినవారికి పంక్చరు పడదని కవి హామీ ఇవ్వలేదు, వ్యాఖ్యాతా ఇవ్వడు. పంపు ఉంటే ఇంటికొస్తారు, అంతే. కంబర్లాండ్ చేరాక కాళ్ళలో ఇంకా సత్తువ ఉన్నవాళ్ళు పాత కాలువగట్టు పట్టుకుని మరో 184.5 మైళ్ళు పోతే వాషింగ్టన్ వస్తుంది. అక్కడ బురద ఎక్కువ, దానికి వేరే పద్యం కావాలి. బిగ్ సావేజ్ సొరంగానికి చలికాలంలో తలుపులు మూసేస్తారు. వసంతంలో వెళ్ళేవాళ్ళు తలుపులు తీశారో లేదో కనుక్కుని మరీ బయలుదేరండి.