విలన్ గారి వకీలు

మెట్రో పచ్చ లైన్లో ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ వరసగా వచ్చే నాలుగు స్టేషన్లు. ఈ నాలుగింటి నడుమే బతుకు వెళ్లదీసే ఒక రకం మనిషి ఉన్నాడు. సినిమా చూసేది క్రాస్ రోడ్స్‌లో, సంధ్యలోనో సుదర్శన్‌లోనో దేవిలోనో. చదివేది చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో. ఇంటి నుంచి డబ్బులొచ్చిన వారం టిఫిను నారాయణగూడలో, మిగతా మూడు వారాలు అశోక్‌నగర్ మెస్సులో. పాత గైడ్లు కొనేది, సిలబస్ మారగానే వాటినే సగం ధరకు వదిలించుకునేది కోఠి, సుల్తాన్ బజార్ వైపు. వృత్తి రీత్యా గ్రూప్స్ అభ్యర్థి. ప్రవృత్తి రీత్యా విలన్ల తరఫు వకీలు. "థానోస్ చేసిన తప్పేందో ఒక్కటి చెప్పన్నా" అని టీ గ్లాసు కింద పెట్టాడంటే ఇక కోర్టు మొదలైనట్టే. బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి నిలువుగా ఒక గీత గీస్తాడు. గీతకు ఎడమపక్క నేరాలు, కుడిపక్క కారణాలు. ఎడమపక్క ఒక్క చుక్కతో సరిపెడతాడు. కుడిపక్కన మాత్రం చారిత్రక నేపథ్యం, ఆర్థిక కారణాలు, సామాజిక కారణాలు, తక్షణ కారణం అంటూ మెయిన్స్ పేపర్లో పెద్ద ప్రశ్నకు రాసినట్టు దించేస్తాడు. బల్ల తుడిచే కుర్రాడు రాకపోతే 'ముందున్న మార్గం' కూడా రాసేవాడే.

అతన్ని మామూలు సినిమా పిచ్చివాడని కొట్టిపారేయడానికి వీల్లేదు. అభిమాని హీరో కటౌట్‌కి పాలు పోస్తాడు, ఇతను విలన్‌కి బెయిలు ఇప్పిస్తాడు. పైగా చట్టం తెలిసినవాడు. పాలిటీ పుస్తకం పేజీలు నలిగిపోయేదాకా చదివాడు కాబట్టి 1980 నాటి బచన్ సింగ్ కేసు నాలుక చివరే ఉంటుంది. ఉరిశిక్ష వేయాలంటే అది అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసు కావాలనీ, ముద్దాయి మారే అవకాశం ఉందా లేదా అన్నది లెక్కలోకి తీసుకోవాలనీ, ఇక మారడని రుజువు చేయాల్సిన భారం ప్రభుత్వానిదేననీ ఆ తీర్పు చెప్పింది. ఆ తీర్పును అతను థానోస్ పుట్టిన టైటాన్ గ్రహానికీ, జోకర్ తిరిగే గోథమ్ నగరానికీ వర్తింపజేస్తాడు. నవ్వొచ్చే మాటే గానీ, అడగాల్సిన ప్రశ్న అదే. కామిక్స్ సినిమాల్లో ఎప్పటికీ బాగుపడని విలన్ ఎవరు, ఏది అతన్ని అలా చేస్తుంది? 'చెడ్డవాడు కాబట్టి' అంటే జవాబు కాదు. రుజువు చేసే భారం మనదేనని వకీలు అంటున్నాడు గనక ప్రాసిక్యూషన్ తరఫున ఎవరో ఒకరు నిలబడక తప్పదు.

ముందుగా అతనికి దక్కాల్సింది ఇచ్చేద్దాం. విలన్‌కి వకాల్తా పుచ్చుకోవడం అశోక్‌నగర్ కనిపెట్టిన విద్య కాదు, తెలుగువాడి పిత్రార్జితం. 1958లో 'భూకైలాస్'లో, 1961లో 'సీతారామ కల్యాణం'లో రావణుడి వేషం కట్టింది ఎన్టీ రామారావే, జనం రాముడిగా పూజించిన మనిషే. 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూర కర్ణ'లో ఆయనే కర్ణుడు, ఆయనే కృష్ణుడు, ఆయనే దుర్యోధనుడు. హాల్లోంచి బయటికొచ్చిన జనం నోట మోగింది మాత్రం దుర్యోధనుడి డైలాగులు. అదే అమెరికాలో 1954లో కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తాము విధించుకున్న నియమావళి, నేరస్థుడి మీద జాలి పుట్టేలా నేరాన్ని చూపించకూడదని, చివరికి మంచే గెలవాలని శాసించింది. అంటే విలన్ మీద జాలిపడటం వాళ్లకు ఇటీవల వచ్చిన స్వేచ్ఛ, మనకు తాతల నాటి అలవాటు. అందుకే హాలీవుడ్ వాళ్లు విలన్‌కి ఒక పాత గాయం తగిలించగానే మనవాడు చుట్టం కనిపించినట్టు పొంగిపోతాడు. అయితే ఒక చిక్కుంది. గాయం కారణాన్ని చెబుతుంది, మనిషి మారతాడో లేదో చెప్పదు. వకీలు ఈ రెంటినీ ఒకే ఖాతాలో వేస్తాడు. అతని వాదన అంతా ఈ ఒక్క పొరపాటు మీదే నిలబడి ఉంది.

అతని పెద్ద కేసే తీసుకుందాం. 1973లో జిమ్ స్టార్లిన్ సృష్టించిన థానోస్, 1991 నాటి 'ఇన్ఫినిటీ గాంట్‌లెట్' కథలో విశ్వంలో సగం మందిని చంపింది మృత్యుదేవత మనసు గెలవడానికి. అంటే పుస్తకంలో అతను ప్రేమికుడు. 2018లో 'ఇన్ఫినిటీ వార్' తెరకెక్కేసరికి ఆర్థికవేత్త అయ్యాడు. వనరులు తక్కువ, తినే నోళ్లు ఎక్కువ, సగం పోతే మిగతా సగం సుఖంగా ఉంటుందని లెక్క చెప్పాడు. తెలుగు డబ్బింగులో ఆ లెక్క చెప్పింది రానా. భల్లాలదేవుడి గొంతుతో వినిపిస్తే ఏ లెక్కైనా సరైనదనే అనిపిస్తుంది, అది వేరే సంగతి. వకీలు దగ్గరున్న గట్టి సాక్ష్యం గమోరా చావు. పెంచిన కూతుర్ని లోయలోకి తోసేటప్పుడు థానోస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏడ్చిండు కదన్నా!" అంటాడు. నిజమే, ఏడ్చాడు. ఏడుస్తూనే తోశాడు. తాను పోగొట్టుకుంటున్నదాని కోసం కార్చిన కన్నీరు అది. పడిపోతున్న పిల్ల కోసం అయితే చెయ్యి ఆగేది. ఇది ఊహ అనుకుంటే మరుసటి ఏడాది 'ఎండ్‌గేమ్' చూడండి. మిగిలిన సగం మంది పోయినవాళ్లను మరిచిపోవడం లేదని, ఎదురు తిరుగుతున్నారని తెలిశాక థానోస్ ఏమన్నాడు? ఈసారి విశ్వం మొత్తాన్నీ తుడిచిపెట్టి, తనకు కృతజ్ఞతతో పడి ఉండే కొత్త విశ్వాన్ని చేస్తానన్నాడు. వనరులు ఏమయ్యాయి? లెక్క ఏమైంది? తినే నోళ్లతో అతనికి పేచీ లేదు, దండం పెట్టని చేతులతోనే పేచీ. ముద్దాయి తన నోటితోనే డిఫెన్సు కొట్టేసుకున్న కేసు ఇది.

థానోస్ దూరపు గ్రహంవాడు, మనకెందుకంటారా, సొంత సరుకే ఉంది. 2024 జనవరి 12న విడుదలైన ప్రశాంత్ వర్మ 'హనుమాన్'లో వినయ్ రాయ్ వేసిన మైకేల్ పాత్ర ఈ చర్చ కోసమే పుట్టినట్టుంటుంది. చిన్నప్పటి నుంచి సూపర్ హీరో కావాలని పిచ్చి. బ్యాట్‌మన్, సూపర్‌మన్, స్పైడర్‌మన్ అందరూ కన్నవాళ్లు లేనివాళ్లే. తనకేమో అమ్మానాన్నలు ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారు. అందుకని వాళ్లను చంపేశాడు. వకీలు పద్ధతికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేరు. అతను ప్రతి విలన్ పెట్టెలోనూ వెతికేది ఫ్లాష్‌బ్యాక్‌నే కదా. మైకేల్ ఆ ఫ్లాష్‌బ్యాక్‌ని స్వయంగా తయారు చేసుకున్నాడు. కులధ్రువీకరణ పత్రం దొంగది పుట్టించినట్టు గాయాన్నే దొంగది పుట్టించాడు. ఇక్కడ వకీలు కాసేపు తడబడి, తర్వాత అసలైన అస్త్రం తీస్తాడు. "నేరం జరిగినప్పుడు మైనర్!" మంచి పాయింటే. పిల్లవాడిని పిల్లవాడిగానే చూడాలి, ఆ కేసు జువెనైల్ బోర్డుకి పంపుదాం, కథ జరిగే అంజనాద్రి ఊరి దాకా లాక్కురావద్దు. కానీ పెద్దయిన మైకేల్ సంగతేమిటి? ముసుగు తొడుక్కుని, యంత్రాల బలం సరిపోక, అసలు శక్తి ఎక్కడుందో వెతుక్కుంటూ అంజనాద్రి వచ్చి, ఊరికి మేలు చేసే పెద్దమనిషిలా నటించాడు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ ఇంటివైపు వెనక్కి తిరిగి చూసి 'ఎంత పని చేశాను' అనుకోలేదు. చిన్నప్పుడు అమ్మానాన్నలు అడ్డం, ఇప్పుడు ఊరు అడ్డం. వయసు పెరిగింది, కూడికలు మారలేదు. అతన్ని బాగుపడనివాడిగా చేసింది చిన్నప్పటి ఆ హత్య కన్నా, తన సినిమాలో మిగతా మనుషులంతా ఖర్చు పద్దు కింద రాసుకోదగ్గ సరుకు అనే ఆ నమ్మకం.

ప్రాసిక్యూషన్ చెప్పేది ఇదే. ఎంతమందిని చంపాడన్నది కొలత కాదు, గాయం ఉందా లేదా అన్నదీ కొలత కాదు. ఎదుటివాడి నొప్పి తెలిసీ దాన్ని సున్నా కింద వేసుకునేవాడు, చివరికి తన కన్నీళ్లనూ ఆ లెక్కలోనే జమ చేసుకునేవాడు ఎప్పటికీ బాగుపడడు. 'డార్క్ నైట్' జోకర్‌ని దీంతో కొలవండి. మూతి మీది గాట్ల గురించి ఒకసారి తండ్రి కథ, ఇంకోసారి భార్య కథ చెప్తాడు. ఫ్లాష్‌బ్యాక్ అతనికి జేబులో పేకముక్క. రెండు పడవల జనం చేతికి ఎదుటి పడవను పేల్చే మీటలిచ్చి ఎవరు ముందు నొక్కుతారా అని చూస్తాడు. ఎవరూ నొక్కకపోతే ఆశ్చర్యపోతాడు, సిగ్గుపడడు. ఇదే కొలబద్దతో 'స్పైడర్‌మన్ 2'లోని డాక్టర్ ఆక్టోపస్‌ని చూడండి. అతనూ ఊరిని నాశనం చేయబోయినవాడే. కానీ చివర్లో ఒక కుర్రాడి మాట చెవికెక్కింది. తన జీవితాన్ని ధారపోసిన యంత్రాన్ని తానే నీళ్లలో ముంచి దాంతో పాటు మునిగిపోయాడు. మాగ్నెటో అయితే నాజీ శిబిరం నుంచి వచ్చినవాడు, చేతులకు నెత్తురు తక్కువేం అంటలేదు. అయినా జేవియర్ అనే ఒక్క మనిషి మాట అతనికి మనిషి మాటలాగే వినిపిస్తుంది. ఆ ఒక్క కిటికీ తెరుచుకుని ఉన్నంతకాలం వకీలు వాదించుకోవచ్చు, ఫీజు కూడా తీసుకోవచ్చు.

ఇక్కడ లైబ్రరీ మెట్ల దగ్గర కూర్చునే ఇంకో పెద్దమనిషి గొంతు సవరించుకుంటాడు. మన పురాణాల్లో ఎవరికీ తలుపు మూయలేదు కదా, జయవిజయులే రావణ కుంభకర్ణులు, శిశుపాలుడి తేజస్సు కృష్ణుడిలోనే కలిసింది, ఎప్పటికీ బాగుపడనివాడనే మాట మన మతంలోనే లేదు అని. దీన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. యుద్ధకాండలో విభీషణుడు శరణు కోరి వచ్చినప్పుడు రాముడు, వచ్చింది రావణుడే అయినా సరే అభయమిస్తానంటాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. రావణుడే రాలేదు. తమ్ముడు చెప్పాడు వినలేదు, భార్య చెప్పింది వినలేదు. తలుపు మూసి ఉన్నందుకు కాదు, చెవులు మూసుకున్నందుకే కథ అలా ముగిసింది. ఇక చచ్చాక దొరికే మోక్షం దేవుడి ఖాతాలోది, దాన్ని చూపించి సీతకు జరిగింది చిన్నదంటే పురాణం కూడా ఒప్పుకోదు. వకీలు కోరుకునేది మోక్షం కాదు, సీక్వెల్.

మరో అభ్యంతరం ఉంది, అది నిర్మాత వైపు నుంచి వస్తుంది. క్లైమాక్స్‌లో విలన్ చావకపోతే విజిల్ పడదు, కాబట్టి బాగుపడనివాడు అనేది పాత్ర గుణం కాదు, టికెట్టు గుణం అని. కొందరి విషయంలో ఒప్పుకోవాల్సిందే. 'అరుంధతి'లో పశుపతి ఆత్మపరిశీలన చేసుకుంటానంటే థియేటర్లో కుర్చీలు విరిగేవి. కానీ మైకేల్ అలా కాదు. కథ అతనికి ఒక కోరిక ఇచ్చింది, ఆ కోరిక తీర్చుకునే పద్ధతి ఎంచుకుంది అతనే.

వకీలు వాదనలో చివరిదాకా కనపడని మనుషులు కొందరుంటారు. థానోస్ పుట్టిన గ్రహం ఎలా నాశనమైందో తారీఖులు తప్ప అన్నీ చెప్తాడు. థానోస్ చిటికె వేయగానే బూడిదైపోయిన ఒక్క మామూలు మనిషి ఎలా ఉంటాడో అడిగితే గ్లాసు వైపు చూస్తాడు. టీ గీతకు ఎడమవైపు ఉన్న ఆ ఒక్క చుక్కలోనే వాళ్లంతా ఇరుక్కుపోయారు. క్లయింటు చూపు వకీలుకూ కొంచెం అంటుకుందన్నమాట. ఇంత దయామయుడూ ఫ్లాష్‌బ్యాక్ అడగని నేరం ఒక్కటుంది. పొద్దున్నే లైబ్రరీ గేటు దగ్గర నిలబడి, ఫ్యాను కింద కుర్చీ సంపాదించి, బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు దాని మీద నోట్సు పెట్టి టీకి వస్తాడు. తిరిగి వెళ్లేసరికి నోట్సు పక్క బల్ల మీద, కుర్చీలో ఎవడో. "పుస్తకం మీద పేరుందన్నా. చదివిండు. చదివి పక్కకు పెట్టిండు. ఈడు జన్మల మారడు." ప్రాసిక్యూషన్ ఇంతసేపు చెప్పిందంతా ఈ నాలుగు ముక్కల్లో ఉంది, ఎదుటివాడున్నాడని తెలుసు, తెలిసీ పక్కకు పెట్టాడు. వచ్చినవాడు ఏ జిల్లా నుంచి వచ్చాడో, ఎన్నోసారి రాస్తున్నాడో, రాత్రి గదిలో కరెంటు ఉందో లేదో అడిగే ప్రసక్తే లేదు. విచారణ లేదు, అప్పీలు లేదు. అతనికి వకీలు కావాలంటే పక్క బల్ల దగ్గర ఇంకొకడున్నాడు గానీ, వాడి కుర్చీ కూడా పొద్దున్నే పోయింది.