గడ్డిసూత్రము: టీకా తాత్పర్య సహితము

మూలము: "గడ్డి ఇంక పచ్చిగనే ఉన్నదన్నా, రేపు మంచారినంక కట్టు."

అవతారిక: నార్కట్‌పల్లి మండలంలో వరి కోసిన మర్నాడు ఒక రైతు, గడ్డిని కట్టలు చుట్టే బేలర్ మిషన్ యజమానికి ఫోనులో చెప్పిన వాక్యమిది. మేత ప్రస్తావన గనుక చెర్వుగట్టు రామలింగేశ్వరుని కన్నా ముందు ఆయన నందికి మొక్కి వ్యాఖ్యానిస్తున్నాము.

టీక: గడ్డి = హార్వెస్టర్ వెనక వరుసగా పడ్డ వరిగడ్డి. పొలంలో నిలిచిన కొయ్యకాళ్లు కట్టకు రావు గనుక ఇందులో చేరవు.

పచ్చిగనే = ఆకు కాదు, కణుపు. ఆకు ఒక్క పూట ఎండకే గలగలమంటుంది. కణుపును గోటితో గిచ్చితే చెమ్మ తగులుతుంది. ఆ చెమ్మతో చుట్టిన కట్ట లోలోపల ఉడికి బూజు పడుతుంది. అగ్గిపుల్ల గీయకుండానే వాము అంటుకోవడమూ కద్దు. నిల్వకు తేమ నూటికి 15 పాళ్ల లోపుండాలని శాస్త్రం.

అన్నా = సంబోధన. కోతల కాలంలో వయసుతో పని లేదు, మిషన్ ఎవరిదైతే వారే అన్న.

రేపు = వానకాలం పంటకు 'ఎల్లుండి' అని పాఠాంతరం, మంచు వదలదు గనుక. యాసంగికి 'ఇయ్యాల్నే' అని మరొకటి. ఏప్రిల్ ఎండ పొద్దున ఆరబెడుతుంది, మాపటికి గాలిదుమారం తెస్తుంది. తడిసిన గడ్డి నల్లబడుతుంది.

శంక: అయితే వారం రోజులు ఎండనిస్తే పోలేదా?

సమాధానం: పోతుంది, ఆకంతా. పొడిపొడియై మిషన్ పళ్లకందక మట్టిలో కలుస్తుంది. మిగిలిన తెల్లకాడకు బర్రె మూతి తిప్పుకుంటుంది.

మరొక శంక: కోత ఎప్పుడో చెప్పలేదేమి?

సమాధానం: వరికోత ముహూర్తం గింజది, గడ్డినెవరూ అడగరు. గింజ ముదిరేసరికి కాడలో మాంసకృత్తులు నూటికి నాలుగు పాళ్లుంటే గొప్ప. మేతకే వేసిన జొన్నకైతే ముహూర్తముంది: చేను సగం పూతకొచ్చినప్పుడు. అంతకుముందు కోస్తే లేతచొప్పలో నాము అనే విషం ఉంటుంది, పశువు ప్రాణానికే ముప్పు. ఆ తర్వాత కోస్తే కట్టె.

తాత్పర్యము: ఓ బేలరన్నా! ఇయ్యాల రావద్దు, రేపు పొద్దెక్కక ముందు రావద్దు, మబ్బు పట్టినాక అసలే రావద్దు.

విశేషము: ఇది మూలకర్త అభిప్రాయం. బేలరన్న మిషన్ అప్పటికే నకిరేకల్ దారి పట్టి ఉంటుంది. కాబట్టి పాఠకులు గడ్డి ఆరిందాకా ఆగక, హార్వెస్టర్ మడిలో దిగిన రోజే ఫోను చేసి వరుసలో పేరు చెప్పుకోవాలి.