కల్లంలో పట్టను

నేను మిర్చి కల్లంలో పరిచే టార్పాలిన్ పట్టను. పల్నాడు నల్లరేగడి మీద, మాఘమాసపు ఎండలో పుట్టెడు తేజ రకం కాయను మోశాను. నా కింది వైపు మట్టి, పై వైపు మిర్చి. ఆ రెంటినీ కలవనీయకుండా చూడటమే నా పని.

ఎందుకంటే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు మట్టిలోనే కాపురముంటుంది. చెట్టు నుంచి కోసిన పండుకాయలో సగానికి పైగా నీరే. అది పది, పదకొండు శాతానికి దిగేదాకా ఆ బూజుకు దారి తెరిచే ఉంటుంది. మబ్బు పట్టి నాలుగు రోజులు ఎండ రాకపోతే చాలు, కాయలో చేరి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది.

"ఆరినట్టేనా అత్తమ్మా?" అని కోడలు అడిగేది. అత్త ఓ కాయను చెవి దగ్గర ఊపి, "గింజ గలగలమనాలమ్మా, ఇంకో రెండు ఎండలు తగలనీ" అనేది. పొద్దు వాలగానే కాయను కుప్పచేసి పైన ఇంకో పట్ట కప్పేవాళ్ళు. మంచు విడిచాక తీసి పలచగా నెరిపేవాళ్ళు. పచ్చికాయను పగలు కూడా కప్పి ఉంచితే లోపల ఉక్కపోసి అసలుకే మోసం.

ఒక ఏడు కోతల వేళ వాన పడింది. తాలు ఏరుతున్న ఆడవాళ్ళలో ఒకావిడ ఎర్రగా నిగనిగలాడే కాయను విరిచింది. గింజల చుట్టూ బూడిదరంగు నూగు, తొడిమ దగ్గర పసుపుపచ్చ పొడి. పైన మచ్చయినా లేదు. తెల్లబారిన తాలునైతే ఏరేయొచ్చు, ఇలాంటిదాన్ని ఎవరు పట్టుకోగలరు? కారం కొట్టించాక రంగూ చెప్పదు, వాసనా చెప్పదు. కూరలో ఉడికినా, తాలింపులో వేగినా ఆ విషం చాలావరకు అలాగే మిగులుతుంది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, మేతలో వేసిన వేరుశనగ పిండిలో ఈ విషం బయటపడింది. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా ఒంట్లోకి వెళితే మనుషులకు కాలేయ క్యాన్సర్ తెస్తుంది. అందుకే ఐరోపా దేశాలు కిలో మిర్చికి 10 మైక్రోగ్రాములకు మించి ఒప్పుకోవు. అంటే 100 టన్నుల్లో ఒక్క గ్రాము! మన దేశంలో హద్దు 30. ఓడ ఎక్కే సరుకుకు సుగంధద్రవ్యాల బోర్డు పరీక్షలున్నాయి. మన పిల్లలు తినే కారానికీ అంత పట్టింపు ఉండాలి కదా.

నాకు కోపం తెప్పించేది మాత్రం నీళ్ళ బిందె. ఇన్ని రోజులు ఎండబెట్టిన కాయ మీద, టిక్కీల్లో, అంటే బస్తాల్లో, తొక్కేముందు నీళ్ళు చల్లుతారు. కాయ మెత్తబడి విరగదు, తూకమూ కలిసొస్తుంది. ఆ తడి మూట మధ్యలో చిక్కుకుని, నెలల తరబడి చేసిన కష్టాన్ని బూజుకు అప్పగిస్తుంది. మా అత్తా కోడళ్ళు ఆ బిందెను కల్లం దరిదాపులకు రానివ్వలేదు. మిర్చి మార్కెట్ యార్డులో కొన్నాయన వాళ్ళ టిక్కీలో చెయ్యిపెట్టి, కాయ విరిగిందంటూ ధర కోసేశాడు. తడి కాయకు మంచి ధర పలికి, ఎండిన కాయకు కోత పడుతుంటే రైతు బిందె ఎందుకు దింపుతాడు? క్వింటాకు రేటు చెప్పేముందు కొనేవాళ్ళు టిక్కీలో తేమ మీటరు గుచ్చి చూడాలి, పొడిగా ఉన్న సరుకుకు నాలుగు డబ్బులు ఎక్కువివ్వాలి.