సహచర సూత్రము: సటీకా తాత్పర్యము

అవతారిక

సూత్రవాఙ్మయము భరతఖండమునందే పుట్టి యిచ్చటనే పరిసమాప్తి నొందినదని తలచు పండితులు, అమెరికాదేశమున టెక్సాసు రాష్ట్రమందలి డాలస్ నగరము నెలవుగా గగనవీథుల నేలుచున్న సౌత్‌వెస్ట్ విమానసంస్థవారి కంపానియన్ పాసు నిబంధనలను ఒక్కపరి తిరుగవేసి చూతురేని, కొలది యక్షరములలో కొండంత యర్థమును దాచు విద్య దేశాంతరములందును వర్ధిల్లుచున్నదని యొప్పుకొనక తప్పదు. 1971 జూన్ 18న డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో అను మూడు పురముల నడుమ ఎగుర నారంభించిన యీ సంస్థ చౌక ప్రయాణమునకు పేరు మోసినది. ఆ డాలస్ చుట్టునుగల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగు పట్టణములందు తెలుగు గృహస్థులు దండిగా కాపురములు పెట్టుకొని, ఈ సూత్రమును నిత్యపారాయణము చేయుచుండగా, దానికి తెలుగున వ్యాఖ్య లేకుండుట వ్యాఖ్యాతయైన మల్లినాథసూరి జాతివారికి తగదని యీ ప్రయత్నము.

మూలము (నిబంధనలకు మా సంగ్రహము)

ఒక్క సంవత్సరమున 1,35,000 పాయింట్లనో, 100 ఒంటిదారి ప్రయాణములనో ఆర్జించినవాడు, ఆ సంవత్సర శేషమును, మఱుసటి సంవత్సరమంతయు, తా నెక్కిన విమానమున ఒక సహచరుని సుంకమాత్రముచే కొనిపోవచ్చును. సహచరుని ఏటికి ముమ్మారు మార్చవచ్చును.

ప్రతిపదార్థము

ఒక్క సంవత్సరమున = జనవరి 1 మొదలు డిసెంబరు 31 వఱకు (ఉగాదినుండి ఉగాదికి అని గ్రహింపరాదు); ఆర్జించినవాడు = స్త్రీ గాని, పురుషుడు గాని, ఖాతా ఎవరిపేర నున్నదో వారు; తా నెక్కిన విమానమున = అదియే విమానమున, అదే దినమున, వెనుకటి విమానమున కాదు; సుంకమాత్రముచే = దేశములోపల ఒక్కొక్క దారికి 5.60 డాలర్ల రక్షణసుంకము మొదలుకొని; సహచరుని = దీనికి వ్యాఖ్య కావలెను; ముమ్మారు = దీనికి మఱింత కావలెను.

వ్యాఖ్య

మొదట ఆర్జనము. నూరు ప్రయాణముల మార్గము సోమవారము పోయి గురువారము మఱలివచ్చు కన్సల్టెంట్లకు ఉద్దిష్టము. పాసు చేతికి వచ్చునాటికి వారికి విమానమన్నచో వెగటు పుట్టియుండును గనుక వారిని విడిచి గృహస్థు సంగతి చూతము. గృహస్థునకు క్రెడిట్ కార్డే తరణోపాయము. సంస్థ పేర వెలసిన కార్డును క్రొత్తగా తీసికొన్నవానికి బ్యాంకు ఇచ్చు స్వాగతపు పాయింట్లు లెక్కకు వచ్చును. ఆ కార్డును గీకి చేసిన ఖర్చువలన వచ్చునవియు వచ్చును. డబ్బుపోసి కొన్నవి గాని, ఇతర కార్డులనుండి తరలించి తెచ్చినవి గాని రావు. కావున సోనామసూరి బస్తా, పిల్లదాని కూచిపూడి ఫీజు, కారు ఇన్సూరెన్సు, సత్యనారాయణవ్రతమునకు పిలిచిన కేటరింగువాని బిల్లు, సమస్తమును ఒక్క కార్డుమీదనే, ఒక్క పేరనే జరుగవలెను. భర్త ఖాతాలో 70,000, భార్య ఖాతాలో 65,000 ఉన్నచో కూడిక సరిపోవును గాని పాసు రాదు. భర్త పుణ్యములో భార్యకు సగము చెందునని మన పెద్దలు చెప్పిన మాట ఇచ్చట చెల్లదు. ఇంటి ఖర్చు ఇద్దరిది, ఫలము ఒక్కరిపేరిది.

కాలమును గూర్చి చెప్పవలసినది స్వల్పము. జనవరిలో పాసు సంపాదించినవానికి దాదాపు రెండేండ్లు భోగము. డిసెంబరులో సంపాదించినవానికి ఒక యేడాది పైని కొన్ని దినములు. అందుచేత ప్రాజ్ఞులు స్వాగతపు పాయింట్లు సంక్రాంతి ప్రాంతమున పడునట్లు కార్డునకు దరఖాస్తు పెట్టుదురు. ముహూర్తములయందు నమ్మకము పోయినదని చెప్పుకొను యువకులుసైత మీ విషయమున దినములు లెక్కించుట మేము చూచియే యున్నాము.

ఇక సహచర శబ్దము. సహచరు డనగా ధర్మపత్నియో, పతియో యని పూర్వపక్షము. సంస్థ విమానములమీద హృదయచిహ్న ముండుటయు, స్టాకు మార్కెటులో దాని గుర్తు ప్రేమపదమును స్ఫురింపజేయు ఎల్.యు.వి. అగుటయు, దాని మూలస్థానము లవ్ ఫీల్డు అను విమానాశ్రయ మగుటయు ఈ పక్షమువారి యుపపత్తులు. ఇవి నిలువవు. లవ్ ఫీల్డునకు ఆ పేరు 1913లో విమానప్రమాదమున మరణించిన మాస్ లవ్ అను సైనికాధికారినిబట్టి వచ్చినది. శృంగారరసమున కందు చోటు లేదు. సంస్థవారు సహచరుని పేరును, పుట్టిన తేదీని అడుగుదురే గాని బాంధవ్యమును అడుగరు. కావున స్నేహితుడైనను, మేనత్తయైనను, ప్రక్కయింటి వారైనను సహచరులు కావచ్చునని సిద్ధాంతము. ఇంత విశాలమైన సిద్ధాంతమును ఇంట బిగ్గరగా చదువ ధైర్యము గల భర్తలు అరుదు.

ముమ్మారు మార్చవచ్చునను నియమము చూచుటకు ఔదార్యమువలె తోచును. హైదరాబాదునుండి తలిదండ్రులు ఆఱు నెలల వీసామీద వచ్చిన యింట దీని లోతు బయటపడును. అమ్మకు ఓర్లాండో చూపవలెను. భార్య పేరు తీసి అమ్మ పేరు పెట్టుట మొదటి మార్పు. నాన్నకు గ్రాండ్ కాన్యన్ మీద మనసు. లాస్ వేగాసు విమానమునకు ఆయన పేరు పెట్టుట రెండవది. ఇద్దరిని ఒక్కసారి తీసికొనిపోవుటకు సూత్రము ఒప్పదు గనుక, నలుబదియేండ్లు కలిసి కాపురము చేసిన దంపతులలో ఒకరు ఊరక పోవుచుండగా రెండవవారు టిక్కెట్టు కొనుక్కొనుటయో, ఇంట చిక్కుడుకాయలు ఒలుచుచు కూర్చుండుటయో తటస్థించును. పిమ్మట భార్య పేరు మఱల పెట్టుట మూడవది. అంతటితో ఆ యేటికి తలుపు మూసికొనును. అక్టోబరులో అత్తగారు దిగి, "మా అమ్మాయి చెప్పింది బాబూ, మీకేదో ఊరికే తీసుకెళ్ళే పాసుందటగా" అని అడిగినపుడు, అల్లుడు సూత్రమును యథాశాస్త్రముగ వివరించినను అది శాస్త్రముగా వినబడదు.

"సుంకమాత్రముచే" అనుచోటనే గ్రంథ రహస్య మున్నది. రెండవ సీటు ఊరక వచ్చుచున్నదను మాట సత్యమే. మొదటి సీటు ఊరక రాదనునదియు అంత సత్యమే. పాసు లేని దంపతులు పని యున్నచో పోవుదురు. పాసు గలవారు రెండవ సీటు వృథాగా పోవుట చూడలేక మొదటిది కొందురు. పోయినచోట హోటలు, అద్దెకారు, ఇడ్లీ దొరకని ఊళ్లలో ముప్పూట భోజనము, ఇవన్నియు కార్డుమీద గీకి, తిరిగి వచ్చి, ఎంత ఆదా అయినదో లెక్క వేసికొందురు. పోదలచిన ఊరు శంషాబాదైనచో ఈ సంస్థ విమానమే లేదు. అందుకు వేఱుగా ఇద్దరికిని నిండు టిక్కెట్లు కొనవలసినదే.

సహచరుని పరాధీనత యొక విశేషము. అతని ప్రయాణము పాసుదారు ప్రయాణమును ఆశ్రయించియుండును. పాసుదారు మానుకొన్నచో అతడును మానవలెను, అదియు ముందుగా సహచరుని టిక్కెట్టు రద్దు చేసి తరువాతనే పాసుదారుది రద్దు చేయవలెను. ఇద్దరి టిక్కెట్లకును వేర్వేరు సంఖ్యలు. సీట్లు ముందుగా కేటాయింపబడని కాలమున, విమానమెక్కు వరుసలో ఎవరు ముందో వారిదే కోరిన సీటు అగుచుండగా, ఈ వేర్వేరు సంఖ్యల ఫలితము కన్నులార కానవచ్చెడిది: భర్త ‘ఏ’ వరుసలో 22వ వాడై ముందెక్కి, కిటికీప్రక్క కూర్చుండి, నడిమి సీటుమీద స్వెట్టరును, దానిపై పులిహోర డబ్బాను పెట్టి, వచ్చువారి మొగములు చూడక కిటికీలోనికి చూచుచు, ‘బీ’ వరుసలో 40వది యగు భార్యకై నిరీక్షించెడివాడు.

పాఠాంతరములు

ఈ గ్రంథమునకు తాళపత్రకాలమునుండి కాకున్నను, వెబ్‌సైటు కాలమునుండి పాఠాంతరములు పెక్కులు. 1,35,000 అనుచోట పూర్వపాఠము 1,25,000. అంతకు ముందు, 2020కి వెనుక, 1,10,000. పాఠాంతరము లన్నియు ఒకే దిక్కునకు జరుగుట ఈ గ్రంథపు ప్రత్యేకత. లేఖక ప్రమాదమువలన ఒక్కమారైనను తక్కువ సంఖ్య పడలేదు. సంస్థవారి ఇతర నిబంధనలలో, రెండు పెట్టెలు ఊరక తీసికొనిపోవచ్చునను ప్రసిద్ధ భాగము 2025 మే 28 నుండి కొన్న టిక్కెట్లలో అధికభాగమునకు లుప్తమైనది, మినహాయింపులు కొందఱకే. పైని చెప్పిన స్వెట్టరు ఘట్టము 2026 జనవరి 27తో, సీట్ల కేటాయింపు వచ్చినందున, చరిత్రలోనికి పోయినది. సహచర సూత్రము మాత్రము నిలిచియున్నది. ఏటి చివర పాయింట్ల లెక్క మఱల సున్నకు వచ్చును గనుక, 1,20,000 దాటి ఆగియున్న గృహస్థులు డిసెంబరు బిల్లు ఏ తేదీన ముగియునో బ్యాంకువారిని అడిగి, సంక్రాంతి పిండివంటల సామానును నవంబరులోనే తెచ్చి పెట్టుకొనునది.