విషజ్వరమా, నీ పేరేమిటి?

విషజ్వరమా,

తొలకరి పడి నెల తిరక్కుండానే ఏజెన్సీ నుంచి నీ కబురు వస్తుంది. మంచం పట్టిన గూడెం, డోలీలో మోసుకొస్తున్న రోగి, పేపర్లో ఏటా అదే శీర్షిక: 'విజృంభిస్తున్న విషజ్వరాలు'. డెంగీ అయినా, స్క్రబ్ టైఫస్ అయినా, ఇంతవరకూ ఎవరూ చూడనిదైనా నీకు మేం పెట్టిన పేరు అదొక్కటే. అసలు పేరు తెలియక పెట్టింది. దాని చాటునే నువ్వు దాక్కుంటున్నావు.

2003 జూన్ నుంచి ఆగస్టు దాకా నువ్వు చేసింది నేను మరిచిపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలకు జ్వరం, వాంతులు, ఫిట్స్, ఆపైన స్పృహ ఉండేది కాదు. 329 మంది పిల్లలు నీ వాత పడితే 183 మంది చనిపోయారు. మెదడువాపు అనగానే ముందు జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌నే అనుమానించారు. చివరికి పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థలో తేలింది, నువ్వు చాందీపురా వైరస్‌వని. 1965లో నాగపూర్ దగ్గర అదే పేరున్న ఊళ్లో తొలిసారి దొరికినదానివే. నీకు మందు ఇప్పటికీ లేదు కాబట్టి, పేరు ముందే తెలిస్తే ఆ పిల్లలంతా బతికేవారని నేననను. కానీ జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ని మోసేది దోమ, నిన్ను మోసేది గోడల బీటల్లో దాక్కునే శాండ్‌ఫ్లై. మందు నీటి గుంటల్లో కొట్టాలా, ఇంటి గోడలకు కొట్టాలా అన్నది పేరును బట్టే తేలుతుంది.

ఆర్టీపీసీఆర్ మేం అనుమానించినదాన్నే వెతుకుతుంది. జన్యుక్రమం చదివితే అనుమానించనిది కూడా బయటపడుతుంది. చాందీపురా వైరస్‌గా నీ జన్యుక్రమమంతా కలిపి సుమారు 11,000 అక్షరాలు. చదివే యంత్రం ఇప్పుడు అరచేతిలో పట్టేంత చిన్నదైంది. అయితే నీ ఆర్‌ఎన్‌ఏ ఎండకు ఆగదు. ఐసు కరిగితే అక్షరాలు చెదిరిపోతాయి. శాంపిల్ ఎంత దూరం పోతే నీకంత లాభం.

నీ పేరు తేలకపోతే ఆ మచ్చ మనుషులకు అంటుకుంటుంది. 2021 మేలో కొవిడ్‌కు 'ఆంధ్రా వేరియంట్' ఉందంటూ పుకారు లేచింది. మన రెండు రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లను 14 రోజులు క్వారంటైన్‌లో ఉంచమని ఢిల్లీ రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించింది. ఎన్440కె అనే ఆ మార్పు పాతదేనని, అప్పటికే తగ్గిపోతోందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు చెప్పగలిగారంటే, ఇక్కడే చదివి ఉంచారు కనుకనే. ఆ నవంబరులో దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా శాస్త్రజ్ఞులు తమ ల్యాబుల్లోనే చదివి ఒమిక్రాన్ సంగతి లోకానికి చెప్పారు. 24న ప్రపంచ ఆరోగ్య సంస్థకు కబురు అందింది, 26న పేరు పడింది. బదులుగా దేశదేశాలు వాళ్ల విమానాలు ఆపేశాయి. దాచకుండా చెప్పినవాళ్లకు ఆ శిక్ష పడటం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

కిందటేడు మా మేనకోడలికి నువ్వు సోకావు. ఐదో రోజు రక్తం తీసి పట్నం పంపారు. పన్నెండో రోజు రిపోర్టు వచ్చింది. అప్పటికి పిల్ల బడికి వెళ్తోంది, పక్కింట్లో ఇద్దరు మంచం పట్టారు.

నీతో మాట కాసేపు ఆపి, మా పాలకులతో ఒకటి చెప్పాలి. 2022 మొదట్లో విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలో జీనోమ్ ల్యాబ్ పెట్టారు, మంచిపని. పాడేరు, ఉట్నూరు శాంపిళ్లు కూడా తీసిన వారంలోనే చదవాలి. దానికి యంత్రం ఒక్కటే చాలదు. గడువు తీరకముందే అందే రీజెంట్లు కావాలి, ఆగని కరెంటు కావాలి, వచ్చిన అక్షరాల రాశిలోంచి అర్థం తీసే మనుషులు కావాలి. కొవిడ్ రోజుల్లో ఈ పని నేర్చుకున్న అమ్మాయి ఒకరు నాకు తెలుసు. కాంట్రాక్టు ముగిసిందని పంపేశారు. ఇప్పుడు ఓ ప్రైవేటు ల్యాబులో షుగర్ పరీక్షలు చేస్తోంది. వానలు మొదలుకాకముందే ఆమెను వెనక్కి పిలవండి, ఈసారి పర్మినెంటుగా.

నీ పేరు కోసం కాచుకుని ఉన్న
ఒక మేనమామ